హై వోల్టేజి

గీస్తే వెలగని వస్తువంటే మా కోవిల్‌పట్టిలో చిన్నచూపు. అందులో తప్పేమీ లేదు. దేశంలో ఏ మూల అగ్గిపుల్ల గీసినా అది మా ఊళ్ళోనో, పక్కనున్న సాత్తూరులోనో, శివకాశిలోనో తలకు మందు పూసుకుని బయల్దేరినదే అయ్యుండటానికి అవకాశం ఎక్కువ. పుల్ల చెమ్మగిలితే ఎండలో పెడతారు, అప్పటికీ వెలక్కపోతే పారేస్తారు. వెలగనిదాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని రెండు రోజులు ఆలోచించే మనిషిని మా వీధివాళ్ళు 2021 డిసెంబరు దాకా చూడలేదు. ఆ నెలలో చూశారు.

వెలగనిది మా ఇంటి కంప్యూటరు. మా ఇంటిది అంటున్నాను గానీ నిజానికి మా ఇంటామెది. కడలై మిఠాయి చేసేవాళ్ళు, అగ్గిపెట్టెల కార్ఖానాలకు అట్టలు వేసేవాళ్ళు, ఒక నూనె కొట్టు, ఇలాంటి చిన్న చిన్న వ్యాపారాలకు ఆమె లెక్కలు రాస్తుంది, నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేస్తుంది. కడలై మిఠాయి అంటే మీరనే వేరుశనగ చిక్కీయే, కాకపోతే మా ఊరి దానికి 2020లో జీఐ గుర్తింపు వచ్చింది గనక ఇప్పుడు దాన్ని కాస్త గౌరవంగా కొరుకుతున్నాం. లెక్కలు ఆమెవి, మిఠాయి నాది. ఆ కంప్యూటరుతో నాకున్న వృత్తి సంబంధం అంతవరకే.

అయితే నాకో గత వైభవం ఉంది. ఒక సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. అక్కడికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆ గది తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. ఏసీ వెయ్యడం, వచ్చినవాళ్ళ చేత చెప్పులు బయట విప్పించడం నా బాధ్యత. దీన్ని ఇంట్లో "సిస్టమంతా నేనే చూసుకునేవాణ్ణి" అని చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం కాదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తూనే ఉండేవాణ్ణి.

ఇక్కడో మాట. మా ఇళ్ళలో తెలుగు నోటికే గానీ చేతికి లేదు. చదువంతా తమిళం. ఇక్కడికి దగ్గర్లోని ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ మా తెలుగువాళ్ళు ఇటు వలస వచ్చిన కథను 'గోపల్ల గ్రామం' అని తమిళంలోనే రాశారు. దాని తరువాయికి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. అంతటాయనే తమిళంలో రాస్తే, అక్షరాలు ముసలితనంలో దిద్దుకున్న నేను తెలుగులో రాస్తున్నాను. తెలియని పనిలో ముందు వేలు పెట్టడం నాకు మొదట్నుంచీ ఉన్న రోగమని పాఠకులు దీన్నిబట్టే గ్రహించవచ్చు.

ఆ ఏడాది నవంబరులో వానలు దంచికొట్టాయి. నల్లరేగడి నేల, గోడలన్నీ చెమ్మ. డిసెంబరులో కాస్త తెరిపి ఇచ్చిందో లేదో, అగ్గిపెట్టె రేటు మారింది. 2007 నుంచి రూపాయికి దొరికినది ఒకటో తేదీ నుంచి రెండు రూపాయలు. ఊరంతా రేట్ల పట్టికలు తిరగరాస్తున్న ఆ రోజుల్లో, ఒక శనివారం సాయంత్రం వంటింటికీ ముందుగదికీ మధ్య నిలబడి మా ఇంటామె అన్నది:

"బావా, సీపీయూ పలకడంలా. ఆన్ చేస్తే ఫ్యాను తిరగతా ఉండాది, తెర నల్లంగానే ఉండాది. లోపల కూస్తా ఉండాది."

ఆమె నాకు మేనమామ కూతురు, విరుదునగర్ పక్క పల్లె. క్లుప్తంగా మాట్లాడే ఇంటి నుంచి వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మూడు ముక్కల్లో రోగం, దాని గుర్తులు, మందు కూడా ఉన్నాయి. నాకు వినపడింది మాత్రం 'బావా' ఒక్కటే. అంటే నన్ను పిలిచారు. అంటే నా తాళంచెవి రోజులు తిరిగొచ్చాయి.

నవంబరు రిటర్నులకు ఆఖరు తేదీ 20, సోమవారం. దాటితే ఒక్కో రిటర్నుకు రోజుకు 50 రూపాయల జరిమానా. "ఆ యాబైలన్నీ నీ పెన్షన్లో పట్టుకుంటా" అని ఆమె నేను పెట్టెను ముట్టుకోకముందే ప్రకటించింది. ముప్పై ఏళ్ళ కాపురంలో వచ్చే ముందుచూపు అది.

కూత సంగతి ముందు చెప్పాలి. కంప్యూటరు ఆన్ కాగానే విండోస్ జోలికి పోకుండా ముందు తన ఒళ్ళు తాను తడిమి చూసుకుంటుంది. మెమరీ ఉందా, డిస్‌ప్లే ఉందా, కీబోర్డుందా అని. ఏదైనా లేకపోతే చెప్పాలి. తెర మీద రాసి చెబుదామంటే తెర దాకా పోవడానికే ఆ భాగాలు కావాలి. అందుకని 1981లో ఐబీఎం వాళ్ళ మొదటి పీసీ నుంచీ చిన్న స్పీకరొకటి పెట్టి కూతలతో చెప్పించే ఏర్పాటు ఉంది. ఏ కూతకు ఏ అర్థమో, ఈ తడుముడు నడిపే ప్రోగ్రాముకు, అదే బయాస్‌కు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. మాలాంటి పెట్టెలో పొడుగు కూత ఆపకుండా మళ్ళీ మళ్ళీ వస్తుంటే మెమరీ కర్ర, అదే ర్యామ్, అందడం లేదని అర్థం. కూత విని, లెక్కపెట్టి, అర్థం చూసుకుంటే చాలు, స్క్రూడ్రైవరు పట్టకముందే సగం పని అయిపోతుంది. మా ఇంట్లో ఆ లెక్క పెట్టింది ఎవరో చెప్పాలా? పప్పుకు మూడు, కొమ్ముశనగలకు ఆరు అని కుక్కరు కూతల మీద కాపురం నడిపిన మనిషికి కంప్యూటరు కూత ఒక లెక్కా? శివకాశిలో అచ్చయిన దినసరి క్యాలెండరు చీటీ ఒకటి చించి, వెనక పెన్సిలుతో పొడుగు గీత, ఖాళీ, పొడుగు గీత, ఖాళీ అని వేసి, కింద 'ఆపకుండా' అని రాసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాను. చదవలేదు. పనిమంతుడు పనిలో దిగేటప్పుడు ఇంటివాళ్ళిచ్చే చీటీలు చదువుతాడా, కూరగాయలు రాసుంటారేమోనని?

మొదట మానిటరు మీద అనుమానపడ్డాను. పక్కన కొట్టాను, పైన కొట్టాను. తర్వాత విండోస్ సీడీ పెట్టి చూశాను, ట్రే బయటికి వచ్చి లోపలికి పోయింది, అంతకు మించి మర్యాద చూపలేదు. తర్వాత వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టాను. అన్నీ అంటే దాదాపు అన్నీ. ఆదివారం పొద్దున పెట్టె తలుపు విప్పాను.

మా పెట్టె లోపలిని ఎవరైనా ఒక్కసారైనా చూడాల్సింది. కరిసల్ కాడు అని తమిళులు పిలిచే ఈ నల్లనేల దుమ్ము ఇంట్లో ఎక్కడ వెతికినా కనపడదు, మా ఇంటామె ఉండనివ్వదు. అదంతా ఇక్కడ కాపురం పెట్టింది. ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కల కింద అల్యూమినియం పలకల సందుల్లో నల్లటి దూది పొరలు పొరలుగా పేరుకుని, చెమ్మకు గడ్డకట్టి ఉంది. మదర్‌బోర్డు మూల రెండు బల్లిగుడ్ల పెంకులు, ఒక అగ్గిపుల్ల, వాడనిది. మనవడి పని. నోటితో గట్టిగా ఊదాను. దుమ్ము లేచి, గాల్లో తిరిగి, నా ముఖం మీద వాలింది. అద్దంలో చూసుకుంటే మీసాలకు మళ్ళీ యవ్వనం వచ్చింది.

విప్పిన స్క్రూలు పోకుండా జేబులోని చీటీలో పొట్లం కట్టాను. అదే చీటీ.

మధ్యాహ్నం విరుదునగర్ నుంచి బామ్మర్ది నూనె పరోటాల పొట్లంతో దిగాడు. పెనంలో నూనె పోసి కరకరలాడేట్టు వేయించే ఆ పరోటా తిన్నవాడికి అరగంట దాకా ఏ విషయం మీదైనా ధీమాగా అభిప్రాయం చెప్పే శక్తి వస్తుంది. "బావా, ఫార్మాట్ కొట్టేయ్" అన్నాడు. పలకని పెట్టెను ఎలా ఫార్మాట్ చేస్తారని నేనడగలేదు, నాకూ ఆ సందేహం రాలేదు. ఇద్దరం నూనె వేళ్ళతో లోపల ఉన్నవన్నీ అటూ ఇటూ కదిపి చూశాం. ర్యామ్ ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. సున్నితమైన వస్తువని ఎక్కడో విన్నాను, జాగ్రత్త గల మనిషిని.

మా వీధి చివరి అమ్మాయికి బస్టాండు దగ్గర కంప్యూటరు రిపేరు కొట్టుంది. 2011లో జయలలిత ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత లాప్‌టాపు ప్లస్ టూలో అందుకుని, దాన్నే విప్పి బిగించి పని నేర్చింది. ఆదివారమైనా ఫోన్ చేస్తే వచ్చేది. మా ఇంటామె ఆ మాట చెప్పినప్పుడల్లా నేను "ఇంత దానికా?" అన్నాను. 1920లలో శివకాశి నుంచి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అగ్గిపెట్టె చేయడం నేర్చుకోవడానికి కలకత్తా దాకా పోయారు. తెలియదని ఒప్పుకుని అంత దూరం రైలెక్కారు కాబట్టే ఇవాళ ఈ చుట్టుపక్కల ఇన్ని పొయ్యిలు వెలుగుతున్నాయి. నేను పది ఇళ్ళ అవతలికి నడవలేకపోయాను.

నడవకుండా ఏం చేశానంటే, పెట్టెను వెనక్కి తిప్పాను. కరెంటు తీగ గుచ్చే చోటు పక్కన ఎర్రటి చిన్న స్విచ్చి ఒకటి కనపడింది. ఇన్నేళ్ళూ గోడ వైపు ఉండి నా కళ్ళబడలేదు. దాని మీద 230 అని ఉంది. స్క్రూడ్రైవరు మొనతో జరిపితే 115 అని వచ్చింది. తక్కువ నంబరు పెడితే పెట్టె మీద భారం తగ్గుతుందని, వేడి తగ్గి కూత ఆగుతుందని, పైగా బిల్లు కూడా కలిసొస్తుందని నాకు తోచింది. అమెరికాలాంటి చోట్ల ఇళ్ళకు వచ్చే కరెంటు మన దాంట్లో సగం వోల్టేజి. ఆ దేశాల కోసం పెట్టిన స్విచ్చి అది. 115 వైపు ఉంటే లోపలి ఎస్‌ఎంపీఎస్, అదే పెట్టెకంతా కరెంటు అందించే డబ్బా, వచ్చినదాన్ని రెట్టింపు చేసుకుని వాడుకుంటుంది. మన 230ని రెట్టింపు చేస్తే లోపలున్న కెపాసిటర్లు ఏం కావాలి? ఇదంతా సోమవారం సాయంత్రం తెలిసిన విద్య. ఆదివారం సాయంత్రం నాకు తెలిసింది ఇంతే: స్విచ్చి వేశాను, ఢామ్మంది.

వెనక కన్నాల్లోంచి బూడిదరంగు పొగ. కుళ్ళిన చేప, కాలిన ప్లాస్టిక్కు కలిసిన వాసన. ఇల్లంతా చీకటి, ఫ్యూజు పోయింది. చీకట్లో నేను పలికిన మొదటి మాట ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు: "చూసినావా, కూత ఆగింది."

ఈ పక్క ఊళ్ళలో ఢామ్మంటే ఎవరూ నవ్వరు. బాణసంచా కార్ఖానాల్లో ప్రమాదాలు చూసిన నేల ఇది. శబ్దం వినపడితే ముందు ఏ దిక్కునుంచో చూస్తారు, తర్వాత పరిగెత్తుతారు. వీధి వీధంతా మా గడపలోకి వచ్చేసింది. ఒకాయన సగం గడ్డం గీసుకుని వచ్చాడు. ఎదురింటావిడ బిందెతో నీళ్ళు తెచ్చింది. చెప్పుల్లేకుండా ఆయాసపడుతూ నిలబడ్డ ఆ ముఖాల ముందు "నా వేలు వల్ల" అని చెప్పడానికి నోరు రాలేదు.

"హై వోల్టేజి వచ్చింది" అన్నాను.

ఇంత చిన్న అబద్ధానికి అంత పెద్ద ఆదరణ దొరుకుతుందని నేననుకోలేదు. కరెంటువాళ్ళను తిట్టే అవకాశం వస్తే మా వీధిలో కులమతాల్లేవు, తెలుగు తమిళాల్లేవు. 2012 నాటి కోతలు ఎవరూ మరిచిపోలేదు. చెన్నై తప్ప మిగతా ఊళ్ళన్నీ రోజులో సగం చీకట్లో విసనకర్రలు ఊపిన కాలమది. ఆ పాత పగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎదురింటావిడ ఫ్రిజ్జు సరిగ్గా ఆ క్షణంలో మూలిగిందట. సగం గడ్డం ఆయన ఫ్యాను వేగం పెరగడం కళ్ళారా చూశాడట. పోయిన పొంగల్ నుంచి వెలగని ట్యూబులైటు ఒకటి కూడా నా హై వోల్టేజి ఖాతాలో పడింది. నన్ను అర్జీ రాయమన్నారు. సర్కారు ఆఫీసులో పనిచేసినవాణ్ణి, అర్జీ భాష నాకు కొట్టిన పిండి. పది నిమిషాల్లో రాసిచ్చాను. సంతకాల కోసం కాగితం చుట్టూ గుంపు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కూడా నా రాతకు అంతమంది కదలలేదు. మా ఇంటామె మాత్రం సంతకం పెట్టలేదు. కొవ్వొత్తి పట్టుకుని పెట్టె వెనక ఒకసారి చూసి, లోపలికి పోయి దోసెల పిండి కలుపుకుంది.

సోమవారం పొద్దున లైన్‌మ్యాన్ వచ్చాడు. నెమ్మదస్తుడు. మీటరు తీసి మా ప్లగ్గులో పెట్టి చూపించాడు: 231. ఎదురింట్లో పెట్టాడు, అంతే. స్తంభమెక్కి చూసి దిగాడు. "సార్, వీధి మొత్తంలో మీ పెట్టె ఒక్కదానికే ఎలా వచ్చింది?" అని అడిగాడు. అడగడంలో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. వెటకారం ఉంటే దెబ్బలాడేవాణ్ణి. కాఫీ ఇప్పించాను.

మధ్యాహ్నం దాటాక మా ఇంటామె నన్ను అడక్కుండానే ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. ఆ పిల్ల వచ్చి చెప్పులు బయట విడిచింది. ఆ ఒక్క విషయంలో నా శిక్షణ అవసరం లేకపోయింది.

"పెదనాయనా, ముందు ఏమయింది?"

నేను మానిటరు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అది కాదు, చెడకముందు ఎట్ల కూసింది?"

"చీటీ రాసిచ్చినా గదా బావా" అన్నది వంటింట్లోంచి గొంతు.

జేబులోంచి స్క్రూల పొట్లం బయటపడింది. ఆ పిల్ల స్క్రూలను నేల మీద పోసి, చీటీ సాపు చేసి చదివింది. "ర్యామ్" అన్నది. అంతే. తర్వాత పెట్టెను తిప్పి ఎర్ర స్విచ్చి చూసింది.

"ఇది ఎవరు జరిపినారు పెదనాయనా?"

"హై వోల్టేజి..."

"హై వోల్టేజికి వేలు ఉండదు గదా పెదనాయనా."

మదర్‌బోర్డు నుంచి పెద్ద ప్లగ్గు ఊడబీకి, మా ఇంటామె జడపిన్ను అడిగి తీసుకుని, పచ్చ తీగ కన్నాన్ని నల్ల తీగ కన్నంతో కలిపింది. ఎస్‌ఎంపీఎస్‌లో ప్రాణముంటే దాని ఫ్యాను తిరగాలట. తిరగలేదు. కొట్టు నుంచి కొత్తది తెచ్చి బిగించింది. అదృష్టం, పోయినది పోతూ పోతూ మదర్‌బోర్డును వెంట తీసుకుపోలేదు. స్విచ్చి వెయ్యగానే పెట్టె కూసింది: పొడుగు, ఖాళీ, పొడుగు, ఖాళీ. శనివారం నాటి కూతే. అంటే రెండు రోజులు, ఒక పేలుడు, ఒక అర్జీ, ఒక స్తంభం ఎక్కి దిగిన లైన్‌మ్యాన్, ఇన్ని ఖర్చుపెట్టి శనివారం సాయంత్రానికి చేరుకున్నాం.

ర్యామ్‌ను రెండు వైపులా కొక్కేలు నొక్కి పైకి లాగింది. అరచేతిలో పెట్టి చూపించింది. అంచున బంగారు పూత పళ్ళు, రెండు వైపులా కలిపి 240. వానాకాలం చెమ్మకు మసకేసి ఉన్నాయి. పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా ఒకే దిక్కుకు రుద్దింది. రబ్బరు నల్లబడింది, పళ్ళు మెరిశాయి. తిరిగి పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కితే కొక్కేలు టక్‌మని వాటంతట అవే లేచి పట్టుకున్నాయి. స్విచ్చి వేసింది. ఒక పొట్టి కూత, అంతా బాగుందన్నట్టు. తెర వెలిగింది. రబ్బరు ఖరీదు ఎంతో నేనడగలేదు.

తెర మీద అక్షరాలొచ్చాయి: కీబోర్డు లేదు, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కండి. నాకు ప్రాణం లేచొచ్చింది. "కీబోర్డే లేనప్పుడు ఎఫ్1 ఎక్కడ నొక్కేది? ఎంత తెలివితక్కువ పెట్టో చూడు" అన్నాను. రెండు రోజుల్లో మొదటిసారి తప్పు ఎదుటివైపు దొరికింది. ఆ పిల్ల మాట్లాడకుండా వంగి, బల్ల కింద వేలాడుతున్న తీగ తీసి వెనక గుచ్చింది. శనివారం నేను మళ్ళీ పెట్టిన దాదాపు అన్నింటిలో ఆ ఒక్కటి లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. పెట్టె గడియారం 2009 జనవరి 1 అని చూపించింది. కరెంటు లేనప్పుడు తేదీ గుర్తుంచుకోవడానికి లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, అది ఎప్పుడో అయిపోయిందట. జీఎస్టీ సైటు తెరుద్దామంటే బ్రౌజరు ఒప్పుకోలేదు, మీ తేదీ తప్పంటుంది. జీఎస్టీ పుట్టిందే 2017 జూలై 1న. మా పెట్టె లెక్కన దానికింకా ఎనిమిదేళ్ళ పైన టైముంది. "ఇట్లాగే 2009లో ఉండిపోదాం, రిటర్ను వెయ్యనక్కర్లేదు, నాకింకా సర్వీసు కూడా ఉంటుంది" అన్నాను. ఇద్దరూ నవ్వలేదు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేశారు. రాత్రి పన్నెండు కాకముందే రిటర్నులన్నీ పడ్డాయి. ఆ పిల్ల రబ్బరు పనికి డబ్బు తీసుకోలేదు. ఎస్‌ఎంపీఎస్‌కు, బ్యాటరీకి 18 శాతం పన్నుతో బిల్లిచ్చి, రెండు కడలై మిఠాయిలు నములుకుంటూ పోయింది. అవి నా వాటాలోవి.

మా ఇంటామె ఖర్చు రాసుకోవడానికి కాగితం వెతికింది. చేతికందినది నా అర్జీ. దాని వెనక్కి తిప్పి అంకెలు వేస్తుంటే, ఏదో ఒకటి మంచి చేద్దామని నేను అడిగాను: "ఆ బిల్లు మీది పన్ను మనకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుందేమో చూడు."

ఆమె తలెత్తలేదు. "మనకు రిజిస్ట్రేషనే లేదు బావా. ఉన్నా, నాశనం చేసుకున్న సరుకుకు క్రెడిట్ లేదు. సెక్షన్ 17, సబ్‌సెక్షన్ 5."